రాజరాజనరేంద్రుఁడు: నాటకము చూపిన రాజు, శాసనములు చెప్పిన రాజు

సారంగధర నాటకమును జూచి కంట నీరు పెట్టనివారు మన గోదావరి తీరమున నరుదుగా నుండెడివారు. శివరాత్రికిఁ గాని, గ్రామదేవత తీర్థమునకుఁ గాని, పందిరి వేసి తెర గట్టి యాడెడి యా నాటకమును మన తాతముత్తాతలు తెల్లవార్లు కూర్చుండి చూచిరి. కాలుసేతులు నఱకఁబడిన రాకుమారుఁడు కొండపైఁ బడియుండఁగా స్త్రీలు చెఱఁగులతోఁ గన్ను లొత్తుకొనెడివారు. ఇండ్లకు మరలు దారిని వారు పెట్టు శాపములలో సగము చిత్రాంగికిని, తక్కిన సగము విచారణ లేక బిడ్డను శిక్షించిన తండ్రికిని జెందుచుండెడివి. ఆ తండ్రి రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుఁడు.

ఉదయమున బడికి వచ్చి తెలుఁగు వాచకమును దెఱచిన బాలునకు మరల నా రాజే కానవచ్చును. అచ్చట నతఁడు నన్నయభట్టారకునిచే మహాభారతమును దెలుఁగు చేయించిన పుణ్యాత్ముఁడు. రాత్రి చూచిన రాజును, పగలు చదివిన రాజును ఒక్కఁడే యని తెలిసినప్పుడు ఆ బాలుని మనస్సున నొక సందేహము పుట్టక మానదు. ధర్మకథలయందంత ప్రీతి గలవాఁడు కన్నకొడుకు విషయమున నంత యధర్మ మెట్లు చేసెను? ఆ సందేహమును దీర్చుటకే యీ చిన్న చరిత్రమును వ్రాయుచున్నాను.

ముందుగా నాటకకథను సంగ్రహముగాఁ జెప్పుదును. ఆయా కవులు కొంత కొంత భేదముతోఁ జెప్పినను కథాసార మిది. రాజరాజనరేంద్రునకు రత్నాంగి యను రాణియందు సారంగధరుఁ డను కుమారుఁడు కలిగెను. చిత్రాంగి యను కన్య యా రాకుమారుని చిత్రపటమును జూచి వలచెను. కాని యామెకుఁ బెండ్లి జరిగినది తండ్రితో. తన కోరిక యిట్లు తలక్రిందైనను ఆమె దానిని విడువలేదు. రాజు వేఁటకుఁ బోయిన దినమున రాకుమారుఁడు పావురములతో నాడుకొనుచుండఁగా, ఒక పావురము ఎగిరి చిత్రాంగి మేడపై వ్రాలెను. దానిని దెచ్చుకొనుటకు సారంగధరుఁడు లోనికిఁ బోయెను. ఆమె తన మనస్సును దెలిపెను. నీవు నాకుఁ దల్లివని చెప్పి యతఁడు తొలఁగిపోయెను. ఆశాభంగము పొందిన చిత్రాంగి జుట్టు విరియఁబోసికొని, చీర చించుకొని, సారంగధరుఁడు తన్నవమానించెనని రాజుతోఁ జెప్పెను. రాజు కోపముచే వివేకము గోల్పోయి, కొడుకు కాలుసేతులు నఱకుఁడని యాజ్ఞ యిచ్చెను. సత్యము బయలుపడునప్పటికి ఆజ్ఞ నెఱవేఱియుండెను.

ఈ కథలో అబద్ధమాడినది చిత్రాంగి యొక్కతెయే. తక్కిన వన్నియు నిజములే. రాకుమారుఁడు మేడలోనికిఁ బోయిన మాట నిజము. పావురము వంక యని యెవరికైనఁ దోఁచుట సహజము. చీర చినిఁగియున్న మాట నిజము. రాజు కన్నులారఁ జూచినదంతయు నున్నదే. దానినుండి యతఁ డూహించినది మాత్రము లేనిది. కన్ను చూపినదానికి మనస్సు తొందరపడి చెప్పుకొన్న యర్థమే యతనిని మోసపుచ్చెను. ఈ సూక్ష్మమే యా నాటకమునకుఁ బ్రాణము.

పూర్వకవులు ఈ కథను మంగళముగా ముగించిరి. మీననాథుఁడను సిద్ధుఁడు వచ్చి రాకుమారునకుఁ గాలుసేతులు మరలఁ గలుగఁజేసెనని వారు చెప్పిరి. బళ్ళారిలో న్యాయవాదిగా నుండి, సరసవినోదినీ సభను నెలకొల్పి నాటకములు వ్రాసి యాడించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) ఆ యూఱటను ప్రేక్షకులకుఁ గలుగనీయలేదు. తమ నాటకమునకు విషాద సారంగధరమని పేరు పెట్టి, శోకముతోనే తెర దించిరి. నాటకము శుభముగా ముగియవలెనను సంస్కృత సంప్రదాయమును దాఁటి, విషాదాంతపు త్రోవను దెలుఁగున మొదట త్రొక్కినది యీ నాటకమని విమర్శకులు చెప్పుదురు. 1891 లో బళ్ళారి సభవారు చెన్నపట్టణమునకుఁ బోయి యాడిన నాటకములను జూచి యుత్సాహము పొందియే పమ్మల్ సంబంధ మొదలియారుగారు తమిళ నాటకరంగమునఁ గాలు మోపిరి. సారంగధర కథను వారును దమిళమున నాటకముగా వ్రాసిరి. అంతకు మున్నే, 1883 లో, విజయనగరమున గురుజాడ అప్పారావుగారు ఈ కథను ఇంగ్లీషున కావ్యముగా రచించిరి. ఈ విధముగాఁ గథ నాలుగు దిక్కులకుఁ బ్రాఁకెను. దానితోఁబాటు రాజరాజు నపకీర్తియుఁ బ్రాఁకెను.

ఇఁక శాసనములు చెప్పు రాజును జూతము. ఇందులకు మన మంత దూరము పోనక్కఱలేదు. అంబాజీపేట మండలములోని నందంపూడి పేర నొక తామ్రశాసనము కలదు. అది రాజరాజనరేంద్రుఁ డిచ్చినది. కోనసీమ కెదురుగట్టున, గౌతమి యొడ్డునఁ గల కోరుమిల్లి పేర నింకొకటి కలదు; అదియు నాతనిదే. రాజమహేంద్రవరమున సారంగధర మెట్టను జూపి కథ చెప్పువారు పెక్కుమంది. మన కొబ్బరితోఁటల నడుమ నున్న యూళ్ళకు ఆ రాజు వ్రాయించి యిచ్చిన రాగిరేకులను గుఱించి చెప్పువారు కొలఁదిమంది.

రాజరాజు తూర్పుచాళుక్య వంశమువాఁడు. ఏడవ శతాబ్దమునఁ గుబ్జవిష్ణువర్ధనుఁడు స్థాపించిన యా వంశమువారు వేంగిదేశమును నాలుగువందల యేండ్లకుఁ బైఁగా నేలిరి. సింహాసనమునకై రక్తము చిందుట ఆ యింటఁ గ్రొత్త గాదు. 973 లో జటాచోడ భీముఁడు రాజరాజు తాతయగు దానార్ణవునిఁ జంపి, రాజ్యము నపహరించి, యిరువదియేడేండ్లేలెను. దానార్ణవుని కొడుకులు శక్తివర్మయు విమలాదిత్యుఁడును దేశము విడిచి, తంజావూరి చోళచక్రవర్తియగు రాజరాజు నాశ్రయించిరి. చోళుఁడు వారికి సైన్యమిచ్చి రాజ్యమును మరల నిప్పించుటయే కాక, తన కుమార్తె కుందవను విమలాదిత్యునకిచ్చి పెండ్లి చేసెను. ఆ దంపతుల కుమారుఁడే మన రాజరాజనరేంద్రుఁడు. మాతామహుని పేరే యతనికిఁ బెట్టఁబడెను.

చోళుని సాహాయ్యము పైకి బంధుప్రీతిగాఁ గనఁబడినను, లోపల రాజ్యకాంక్ష లేకపోలేదు. వేంగి తనవైపున నున్నచో, కల్యాణపురమునుండి యేలు పశ్చిమచాళుక్యులను రెండు ప్రక్కలనుండి యదుమవచ్చును. కల్యాణపురమువారికి నీ సంగతి తెలియకపోలేదు. వేంగి తమ చేతఁ జిక్కినచోఁ జోళునకు నుత్తరద్వారము మూయవచ్చునని వారి యాశ. రెండు మత్తగజములు పోరు నడవిలోని చెట్టువలె వేంగిదేశము నలఁగిపోయెను. రాజరాజు పుట్టుకతోనే యా పోరునకు నడుమఁ బడెను.

విమలాదిత్యునకు మేళమ యను వేఱొక రాణియందు విజయాదిత్యుఁడను కొడుకు కలఁడు. సుమారు 1018 లో విమలాదిత్యుఁడు గతించెను. రాజరాజు పట్టాభిషేకము శకవర్షము 944 న, అనఁగా 1022 వ సంవత్సరము ఆగష్టు 16 వ తేదీ గురువారమున జరిగినట్లు శాసనములవలనఁ దెలియుచున్నది. నడుమ నాలుగేండ్లు గడచుటకు సవతితమ్ముని రాజ్యాశయే కారణమని చరిత్రకారు లెంచుదురు. కల్యాణపురపు జయసింహుఁడు విజయాదిత్యునకుఁ దోడు నిలిచెను. కుందవకు సోదరుఁడును, రాజరాజునకు మేనమామయు నగు రాజేంద్రచోళుఁడు మేనల్లునికిఁ దోడుగా సైన్యమును బంపెను. తన కుమార్తె అమ్మంగదేవిని గూడ నతనికిచ్చెను.

సింహాసనమెక్కినంత మాత్రమున నతనికి సుఖము కలుగలేదు. 1031 లో విజయాదిత్యుఁడు మరల వేంగిని బట్టుకొని తానే పట్టాభిషిక్తుఁడయ్యెను. రాజరాజు కొన్ని యేండ్లు రాజ్యభ్రష్టుఁడై, సుమారు 1035 లోఁ జోళసైన్యపుఁ దోడ్పాటుతో రాజ్యమును మరలఁ బొందెను. ఈ పోరులలోఁ గొల్లేటి ప్రాంతమందలి కలిదిండియొద్ద జరిగిన యుద్ధము ఘోరమైనది. చోళుఁడు పంపిన సేనాపతులు మువ్వు రందు మడిసిరి. రాజరాజు వారి జ్ఞాపకార్థముగా శివాలయములను గట్టించి, వాని పోషణమునకుఁ గలిదిండిని దాన మిచ్చెను. తనకొఱకుఁ బ్రాణములిచ్చినవారు పరదేశీయులైనను వారిని మఱవని గుణము ఇందుఁ గానవచ్చుచున్నది.

ఇచ్చట విజయాదిత్యునకును న్యాయము చేయుట మన విధి. అతఁడును విమలాదిత్యుని కన్నకొడుకే. అన్నకుఁ జోళుల యండ యున్నందుననే తనకు రాజ్యము దక్కలేదని యతఁ డనుకొనియుండిన నాశ్చర్యము లేదు. రాజ్యకాంక్ష గలవాఁడు తన కాంక్షను ఎన్నఁడును కాంక్ష యని పిలువఁడు. హక్కు అని పిలుచును. అన్నదమ్ము లిరువురును అట్లే పిలిచియుందురు. వారి హక్కులకై వేంగి రైతుల చేలు రెండుమాఱులు మూఁడుమాఱులు సేనల కాళ్ళక్రిందఁ బడెను.

ఇట్టి యలజడుల నడుమనే రాజరాజు నన్నయభట్టును బిలిచి మహాభారతమును దెలుఁగున రచింపుమని కోరెను. పాండవులు తన చంద్రవంశమునకు మూలపురుషులనియు, వారి కథను వినుటయందుఁ దనకు మిక్కిలి ప్రీతి యనియు రాజు చెప్పినట్లు నన్నయ తన యవతారికలోఁ దెలిపెను. భారతమన నేమి? ఒక్క తాత మనుమలు సింహాసనమునకై చేసిన పోరు. సవతితమ్మునితోఁ బోరి యలసిన రాజునకు ఆ కథ యెంత దగ్గఱగాఁ దోఁచియుండునో మన మూహింపవచ్చును. నన్నయ రచించిన సభాపర్వమున మయసభ కలదు. దుర్యోధనుఁ డచ్చట నీరు లేనిచోట నీరున్నదని చీర నెగఁజెక్కెను. నీరున్నచోట నేల యని కాలు మోపి తడిసెను. కన్నుల మోసము, రాజ్యకాంక్ష యను రెండును గలిసి యొక వంశము నెట్లు నాశము చేసినవో చెప్పు గ్రంథమును దెలుఁగువారికిఁ గానుకగా నిప్పించినవాఁడు, కన్నుల మోసమునకు లోఁబడి కొడుకును శిక్షించిన రాజుగా రంగస్థలమున నిలువవలసివచ్చుట విధివిలాసము. నన్నయ ఆదిసభాపర్వములను, అరణ్యపర్వమునఁ గొంత భాగమును మాత్రమే రచించెను. తరువాతి శతాబ్దములలోఁ దిక్కనయు నెఱ్ఱనయు నా మహాకార్యమును బూర్తిచేసిరి.

ఆ రచనలో నన్నయకుఁ దోడ్పడినవాఁడు నారాయణభట్టు. ఇతఁడు సంస్కృతము, కన్నడము, ప్రాకృతము, పైశాచి, తెలుఁగు అను నైదు భాషలలోఁ గవిత్వము చెప్పఁగల పండితుఁడు. 1053 లోఁ జంద్రగ్రహణ సమయమున రాజరాజు నందంపూడిని ఈ నారాయణభట్టునకు అగ్రహారముగా దాన మిచ్చెను. ఆ దానశాసనమును రచించినవాఁడు నన్నయభట్టే. ఆ గ్రామమున్న ప్రదేశమును శాసనము రెండేరుల నడిమి విషయమని పేర్కొనినది. రెండేఱుల నడిమి సీమ యనఁగా మన కోనసీమయే. భారతమును వ్రాయించిన రాజు, భారతమును వ్రాసిన కవి, ఆ కవికిఁ దోడైన మిత్రుఁడు, ఈ మువ్వురును మన సీమలోని యొక యూరి పేర నొక్క రాగిశాసనమునఁ గలిసికొనిరి. ఇంతటి భాగ్య మితర సీమలకుఁ గలుగుట యరుదు.

అయినను రాజరాజును మనము దేవునిగాఁ జేయఁబనిలేదు. చోళుల యండ లేక తన రాజ్యమును దాను నిలుపుకొనఁగల శక్తి యతనికిఁ జాలలేదు. అతని రాజ్యపుఁ దుదిభాగమునఁ గల్యాణపురపు సోమేశ్వరుని ప్రాబల్యము వేంగియందుఁ బెరిగెను. ఒకమాఱు చోళునకు, ఒకమాఱు కల్యాణాధిపతికి నడుమ నతఁడు నలఁగవలసివచ్చెను. ఖడ్గమున నతఁడు సమర్థుఁడు గాఁడు. అతని కీర్తి ఘంటమువలన నిలిచినది. 1061 లో నతఁడు గతించెను.

అతని తరువాత నేమి జరిగెనో మనము శ్రద్ధగాఁ జూడవలెను. నిజమైన విషాదము అచ్చటనే యున్నది. ఇంతకాలము కాచుకొనియున్న విజయాదిత్యుఁడు రాజ్యమును జేపట్టి, తన కొడుకగు శక్తివర్మకుఁ బట్టము గట్టెను. ఒక యేఁడు గడచునంతలో నా కొడుకు మరణించెను. పుత్రశోకముతోఁ గ్రుంగిన విజయాదిత్యుఁడు తానే రాజ్యభారము వహించినట్లు, మన ఆత్రేయపురము దగ్గఱి ర్యాలి పేరఁ బ్రసిద్ధములైన యతని తామ్రశాసనములవలనఁ దెలియుచున్నది. జీవితమంతయు నే సింహాసనమునకై యన్నతోఁ బోరాడెనో, ఆ సింహాసనము కొడుకు లేని తండ్రిగా నతనికి దక్కెను. 1075 వఱకు నతఁ డేలెను.

రాజరాజు కొడుకు సంగతి యేమి? శాసనములు మనకుఁ జూపు కొడుకు అమ్మంగదేవియందుఁ బుట్టిన రాజేంద్రుఁడు. ఇతని కాలుసేతులను ఎవరును నఱకలేదు. ఇతఁడు వేంగిని పినతండ్రికి విడిచి, 1070 లోఁ జోళసింహాసనమును బొంది, కులోత్తుంగచోళుఁడను పేర సుమారు ఏఁబదేండ్లు దక్షిణదేశము నేలెను. సుంకములను మాన్పిన చోళుఁడని తమిళులు నేఁటికిని వానిని దలఁచుకొందురు. వేంగి పినతండ్రి కిచ్చిన యీ వృత్తాంతమును, రాజరాజు నలువదియొక్క యేండ్లేలెనను మాటను, కులోత్తుంగుని కొడుకగు వీరచోడుని చెల్లూరు శాసనము తెలుపుచున్నది. సారంగధరుఁ డను పేరు గాని, చిత్రాంగీరత్నాంగుల పేరులు గాని రాజరాజు శాసనములలోఁ గానరావు.

శాసనమును గూడ మనము కన్నులు మూసికొని నమ్మరాదు. రాజు కొలువులోని కవి రాజును బొగడును; చేసిన పాపమును రాగిరేకుపైఁ జెక్కింపఁడు. కావున శాసనములలో లేదను మాట యొక్కటియే చాలదు. ఆ కథ యెచ్చటినుండి వచ్చెనో కూడ విచారింపవలెను. తెలుఁగున నీ కథ గౌరన వ్రాసిన నవనాథచరిత్రమునఁ గానవచ్చును. గౌరన పదునైదవ శతాబ్దమువాఁడు. రాజరాజు గతించి యప్పటికి మూఁడువందల యేండ్లు దాఁటినవి. ఆ గ్రంథము నాథసిద్ధుల చరిత్రము. అందు సారంగధరుఁడు తుదకుఁ జౌరంగి యను సిద్ధుఁడగును. ఆ చౌరంగినే పంజాబుదేశమువారు సియాల్‌కోటలోని పూరణభక్తుఁడని చెప్పుకొందురు. అచ్చటను సవతితల్లియే, అచ్చటను అబద్ధపు నిందయే, అచ్చటను కాలుసేతులు నఱకించిన తండ్రియే. బౌద్ధులు అశోకుని కొడుకగు కుణాలుని గుఱించియు, గ్రీకులు హిప్పోలిటసును గుఱించియు ఇట్టి కథలనే చెప్పిరి. ఐగుప్తులో యజమానుని భార్య యోసేపుపై మోపిన నింద బైబిలు చదివినవారికిఁ దెలిసినదే. దేశదేశములఁ దిరిగిన యీ కథ గోదావరి తీరమునకు వచ్చినప్పుడు దానికొక తండ్రి కావలసివచ్చెను. కథలోని రాజమహేంద్రుఁడను పేరును, రాజమహేంద్రవరమను నగరమును, ఆ నగరమునఁ బ్రసిద్ధుఁడగు రాజును జనులు కలిపివేసిరి. సత్కీర్తియే యతనికి శత్రువయ్యెను. పేరు లేని రాజైనచోఁ గథ యతని నంటుకొనియుండదు.

ఇట్టి యన్యాయము మన రాజు కొక్కనికే జరుగలేదు. ఇంగ్లీషు నాటకములలో రాజ్యకాంక్షకుఁ బర్యాయపదముగా నిలిచిన మాక్బెత్తును మీరెఱుఁగుదురు. షేక్స్పియరు 1606 ప్రాంతమున వ్రాసిన యా నాటకములో మంత్రగత్తెల జోస్యము విని, భార్య ప్రోద్బలముచే, తన యింట నతిథిగా నిద్రించుచున్న వృద్ధరాజగు డంకనును మాక్బెత్తు పొడిచి చంపును. మొగమున మర్యాదయు, మనస్సునఁ గత్తియు నుంచుకొన్న దంపతులను జూచి ప్రేక్షకులు నేఁటికిని గడగడ వణఁకుదురు. చరిత్రలోని మాక్బెత్తు రాజరాజనరేంద్రునకు సమకాలికుఁడు. అతఁడు స్కాట్లండును 1040 మొదలు 1057 వఱకుఁ బదునేడేండ్లేలెను. డంకను వృద్ధుఁడు గాఁడు. అతఁడు చచ్చినది పడకపైఁ గాదు, పోరిలో. మాక్బెత్తు 1050 లో రోమునకు యాత్ర చేసి పేదలకు ధనమును వెదచల్లెనని నాఁటి చరిత్రకారుఁడొకఁడు వ్రాసెను. అతఁడును భార్యయుఁ గలిసి లాక్ లెవెను సన్న్యాసులకు భూమిని దాన మిచ్చిరి. ఇచ్చట నందంపూడి, అచ్చట లాక్ లెవెను. ఒక్క కాలమునఁ బుట్టి, పుణ్యార్థము భూదానములు చేసిన రాజు లిరువురును తరువాతి కాలమున రంగస్థలమెక్కి, చేయని పాపమునకై నిందలు పడుచున్నారు.

దీనివలన నాటకకర్తలను దూషింపవలెనని నేను జెప్పుట లేదు. ధర్మవరమువారు చరిత్రము వ్రాయఁ బూనుకొనలేదు. లోకమునఁ బ్రచారమందున్న కథను గైకొని, తొందరపాటు తీర్పు ఎంత ఘోరమో కన్నులకుఁ గట్టించిరి. వారు చూపిన సత్యము మనుష్యస్వభావమునకు సంబంధించినది. అది యేనాఁటికిని చెల్లును. తప్పు చూచిన మనది. ఒక పక్షపు మాట విని నిరపరాధిని శిక్షించెనని రాజును దిట్టితిమి. ఆ తిట్టు తిట్టుటకు మనమును ఒక పక్షపు మాటనే వింటిమి. నాటకములోని రాజు చేసినట్లే, తెర ముందు కూర్చుండిన మనమును జేసితిమి.

నేనీ మాటను ఇతరులకు బుద్ధి చెప్పుటకు మాత్రమే వ్రాయుట లేదు. చాల యేండ్ల క్రిందట, నేను క్రొత్తగా నుపాధ్యాయుఁడనైన దినములలో, ఒక బాలుని సంచిలో వేఱొకని జామెట్రీ పెట్టె కనఁబడెను. పెట్టెపై రెండవవాని పేరు చెక్కియున్నది. నాకంతకన్న సాక్ష్యము కావలసివచ్చినది కాదు. తరగతి యెదుట నా బాలుని నిలువఁబెట్టి బెత్తముతోఁ గొట్టితిని. అతఁడేదో చెప్పఁబోఁగా నోరు మూయించితిని. మఱునాఁడు జ్వరము తగ్గి బడికి వచ్చిన పెట్టె సొంతగాఁడు తానే దాని నెరవిచ్చితినని చెప్పెను. దెబ్బలు తిన్న బాలుఁడు నన్నేమియు ననలేదు. అతఁడు తల వంచుకొని లెక్కలు చేసికొనుచుండుట చూచిన నాఁటినుండి సారంగధర నాటకమున రాజును దిట్టుటకు నాకు నోరాడుట లేదు.

బాలబాలికలారా, ఇంతకు మున్ను ర్యాలి పేరు చెప్పితిని. అచ్చటి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహమును మీలోఁ జాలమంది చూచియేయుందురు. ముందు నిలిచి చూచువానికిఁ గేశవుఁడు. వెనుకకుఁ బోయి చూచువానికి మోహిని. రెండును ఒక్క శిలయే. ముందు మాత్రము చూచి మరలినవాఁడు తాను జూచినదే సర్వమని వాదించిన నేమి చేయుదుము? ఒక ప్రదక్షిణము చేసి రమ్మని చెప్పుదుము. రాజరాజనరేంద్రుని విషయమునను నేను మిమ్ముఁ గోరునది యింతియే. ఈసారి సారంగధర నాటకమును జూచినప్పుడు రాకుమారునికై మనసార దుఃఖింపుఁడు. అది నాటకకర్తకుఁ జెల్లవలసిన గౌరవము. మరలివచ్చు దారిని, రెండేఱుల నడుమ నొక చంద్రగ్రహణపు రాత్రి కవికిఁ గ్రామము నిచ్చిన యా పాతరాజును గూడ నొకమాఱు తలఁచుకొనుఁడు. తొమ్మిదివందల యరువది యేండ్లకుఁ బైఁగా గతించి, తన పక్షమున నొక్కమాటయైనఁ జెప్పుకొనఁజాలని వానికి మనము చేయఁగల న్యాయ మదియే.